గ్రాఫిక్ డిజైన్‌లోకి వద్దామనుకుంటున్నారా? కోర్సుకి ఫీజు కట్టేముందు ఇవి చేసి చూడండి

ఇంటర్ అయ్యాక ఏం చేయాలో తేలక కొందరు, బీటెక్ అయిపోయి చేస్తున్న ఉద్యోగం నచ్చక కొందరు, ఫోన్‌లో పిక్సెల్‌ల్యాబ్ పెట్టుకుని ఫ్రెండ్స్‌కి పుట్టినరోజు పోస్టర్లు చేస్తూ చేస్తూ "ఇదేదో బాగుందే" అనిపించి ఇంకొందరు, అందరూ అడిగేది ఒకటే: గ్రాఫిక్ డిజైన్‌లో కెరీర్ ఉంటుందా? ఉంటుంది. కానీ "మూడు నెలల్లో డిజైనర్ అయిపోండి" అని అరచేతిలో వైకుంఠం చూపించే కోచింగ్ బోర్డుల్లో రాసినట్టు ఉండదు. ఈ పని మీకు సరిపడుతుందా లేదా అని తెలుసుకోవడానికి లక్షలు పోయనక్కర్లేదు, నాలుగైదు నెలలు సాయంత్రాలు పెట్టగలిగితే చాలు. ఆ నెలల్లో ఏం చేయాలో రాస్తున్నాను. నేను ఎక్కువగా ప్రింట్ వైపు, తెలుగు పుస్తకాల అట్టలూ ప్యాకింగులూ చేసే మనిషిని, నా మాటల్లో ఆ మొగ్గు ఉంటుంది, అది లెక్కలో వేసుకుని చదవండి.

ముందు ఏ రకం పనో తేల్చుకోండి

గ్రాఫిక్ డిజైన్ అని ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ లోపల అరడజను వేరువేరు వృత్తులున్నాయి. ఊళ్లో డీటీపీ సెంటర్లో కూర్చున్నవాళ్ల దగ్గరికి పెళ్లిపత్రిక, స్కూలు కరపత్రం, దశదినకర్మ కార్డు, ఎమ్మెల్యే పుట్టినరోజు ఫ్లెక్సీ అన్నీ ఒకే రోజు వస్తాయి, అన్నీ "ఇప్పుడే కావాలి" అనేవే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పత్రికల పని పడిపోతుంది, అదే నెలలో బట్టల షాపుల ఆషాఢం సేల్ కరపత్రాలు మొదలవుతాయి. పుస్తకాల వైపు అయితే డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, ఆ వెంటనే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, అందుకని నవంబరు వచ్చేసరికి ప్రచురణకర్తలందరికీ ఒక్కసారే అట్టలు గుర్తొస్తాయి.

బ్రాండింగ్, ప్యాకేజింగ్ నిదానంగా సాగే పని. పచ్చడి సీసా లేబుల్ చేస్తున్నారనుకోండి, అందంగా ఉంటే సరిపోదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, శాకాహారమైతే పచ్చ చదరంలో పచ్చ చుక్క, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, ఇవన్నీ ఆ బెత్తెడు కాగితంలో పట్టాలి, పట్టాక కూడా "గోంగూర" అన్న మాట రెండు గజాల దూరం నుంచి కనబడాలి. సోషల్ మీడియా ఏజెన్సీలో రోజుకి ఇన్ని పోస్టులని లెక్క ఉంటుంది. న్యూస్ ఛానెళ్లలో మోషన్ గ్రాఫిక్స్ (తెర మీద కదిలే బొమ్మలూ అక్షరాలూ) అంటే షిఫ్టు డ్యూటీ, ఎన్నికల ఫలితాల రోజు ఇంటికి వెళ్లే మాటే ఉండదు. సినిమా పబ్లిసిటీ మీద మోజు పడనివాళ్లుండరు, పోస్టర్ డిజైనర్ ఈశ్వర్ లాంటివాళ్లు చేత్తో పేర్లు రాసిన కాలం నుంచీ అది అంతే. కానీ అక్కడ తలుపులు తక్కువ, తెలిసినవాళ్ల ద్వారా వెళ్లాల్సిందే. ఇక యూఐ, యూఎక్స్ అని వింటుంటారు కదా, ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌లో యాప్ స్క్రీన్లు చేయడం, హైటెక్ సిటీ కంపెనీలు జీతాలిచ్చేది ఎక్కువగా దానికే. అందులో బొమ్మలు వేసే పని తక్కువ, మనుషులు యాప్‌లో ఎక్కడ తడబడుతున్నారో గమనించే పని ఎక్కువ. గమనించడం ఇష్టమైతే సరే, బొమ్మల మీద ప్రేమతో వెళ్తే మాత్రం నిరాశపడతారు.

వీటిలో ఏవైనా రెండు ఎంచుకోండి. అన్నీ చేస్తానంటే ఒక్కటీ ఒంటబట్టదు.

ఒక వారం ఎవరి పక్కనైనా కూర్చోండి

ఈ పని చాలామంది చేయరు, వీడియోలు చూస్తే చాలనుకుంటారు. మీ ఊళ్లో డీటీపీ సెంటరో, ఆఫ్‌సెట్ ప్రెస్సో ఉంటుంది. వెళ్లి "అన్నా, పని నేర్చుకుందామనుకుంటున్నా, నాలుగు రోజులు పక్కన కూర్చుని చూడనిస్తారా" అని అడగండి. కాదనేవాళ్లు తక్కువ, కాకపోతే పని రద్దీ లేని రోజుల్లో వెళ్లాలి. టీలు తేవాల్సొస్తే తెండి, ఏం తరిగిపోదు. హైదరాబాద్‌లో ఉంటే ఒకసారి ఛత్తా బజార్ తిరిగి రండి, చేత్తో ఉర్దూ ఖతాతీ (అలంకార చేతిరాత) రాసే పెద్దవాళ్లు, పెళ్లికార్డుల ప్రెస్సులు పక్కపక్కనే కనిపిస్తాయి.

అక్కడ చూడాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, కస్టమర్‌ని. ఆయన ఏం అడుగుతున్నాడు, అడిగినదానికీ కావాల్సినదానికీ తేడా ఏంటి, "ఇంకాస్త జిగేల్‌మనాలి" అంటే ఆపరేటర్ ఏం మార్చాడు, గమనించండి. ప్రెస్సులో అయితే ప్లేట్లు చూపించమనండి. మల్టీకలర్ అంటే నీలం, గులాబీ, పసుపు, నలుపు నాలుగు ప్లేట్లు, నాలుగు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే అక్షరం అంచుకి గులాబీ రంగు తొంగిచూస్తుంది. మెషిన్ సెట్ చేసేటప్పుడు పారేసే వేస్ట్ షీట్లు రెండు అడిగి ఇంటికి తెచ్చుకోండి, భూతద్దం పెట్టి చూస్తే రంగుల చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు చూశాక, సన్నని తెలుగు అక్షరాన్ని నాలుగు రంగులు కలిపిన ముదురు నలుపులో పెట్టకూడదని, నలుపు ఒక్కదాంట్లోనే పెట్టాలని ఎవరూ మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఈ వారంలో మీకు విసుగొచ్చిందా, ఆసక్తి పెరిగిందా అన్నది నిజాయితీగా రాసిపెట్టుకోండి. కస్టమర్ పక్కన నిలబడి ఎనిమిదోసారి మార్పు చెబుతుంటే చూడ్డానికే మీకు టెన్షన్ వచ్చిందంటే, అది కూడా లెక్కే.

సాఫ్ట్‌వేర్ సంగతి

కొత్త ల్యాప్‌టాప్, మ్యాక్, డ్రాయింగ్ ట్యాబ్లెట్, ఇవేవీ ఇప్పుడే వద్దు. ఇంట్లో ఉన్న కంప్యూటర్లో ఇంక్‌స్కేప్, క్రిటా, జింప్ ఉచితంగా వేసుకోవచ్చు, బ్రౌజర్లోనే ఫోటోపియా తెరిస్తే ఫోటోషాప్‌కి దగ్గరగా ఉంటుంది, ఫిగ్మాకి ఉచిత ఖాతా ఉంది. క్రాక్ చేసిన ఫోటోషాప్ ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, దాంతోపాటు వైరస్ కూడా ఇస్తారు. రేపు ఏదైనా కంపెనీకి ఇన్వాయిస్ రాసే రోజున అది తలనొప్పే.

ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడిగేవి వేరు. మన ఊళ్లలో ఫ్లెక్సీ షాపులూ ప్రెస్సులూ కోరల్‌డ్రా, ఫోటోషాప్ మీద నడుస్తాయి. పాత ప్రచురణ సంస్థల్లో పేజ్‌మేకర్ ఇంకా బతికే ఉంది. ఏజెన్సీల్లో ఇలస్ట్రేటర్, ఫోటోషాప్, పుస్తకాలకి ఇన్‌డిజైన్. ఒకటి బాగా వస్తే రెండోది నేర్చుకోవడం కష్టం కాదు, మెనూలు మారతాయి అంతే. పిక్సెల్‌ల్యాబ్‌లో చేయి తిరిగినవాళ్లకి ఒక మాట: పీఎల్‌పీ ఫైళ్లు (వేరేవాళ్లు చేసిపెట్టిన పిక్సెల్‌ల్యాబ్ డిజైన్లు) డౌన్‌లోడ్ చేసుకుని ఫోటోలు మార్చడం డిజైన్ నేర్చుకోవడం కిందికి రాదు, కానీ ఆ ఫోన్ మీదే మీరు నేర్చుకున్న ఒద్దిక, ఫోటో కట్ చేయడం, పేరు ఎక్కడ పెడితే కళ్లకి కనబడుతుందో తెలియడం, అదంతా పనికొస్తుంది.

మొదటి సాధనగా స్టేట్ బ్యాంక్ గుర్తు తీసుకోండి. 1971లో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)కి చెందిన శేఖర్ కామత్ చేసింది, ఒక నీలి వలయం, మధ్యలో చిన్న గుండ్రని ఖాళీ, దాని కింద సన్నని గాటు, అంతే. దాన్ని ఇంక్‌స్కేప్‌లో పెన్ టూల్‌తో కాకుండా వృత్తాలూ దీర్ఘచతురస్రాలూ కలిపి, కోసి గీయండి. గాటు ఎంత వెడల్పు ఉండాలో కంటితో తేల్చుకోవడానికే గంట పడుతుంది. ఆ గంట మీకు హాయిగా గడిచిందా అన్నది చూసుకోండి.

తెలుగు అక్షరం మీద పట్టు, ఇదే మీ పెట్టుబడి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇంగ్లిష్ పోస్టర్ అందంగా చేసేవాళ్లు దేశమంతా ఉన్నారు, తెలుగుని అందంగా, తప్పుల్లేకుండా పెట్టగలిగేవాళ్లు మాత్రం నిజంగా తక్కువ. ముంబైలోనో బెంగళూరులోనో తయారై వచ్చే పెద్ద పెద్ద కంపెనీల తెలుగు హోర్డింగులు చూడండి, వత్తులు విరిగిపోయి, వాక్యం సగంలో తెగిపోయి ఎంత ఘోరంగా ఉంటాయో.

ఫోటోషాప్ తెరిచి "శ్రీ లక్ష్మీ స్వగృహ" అని టైప్ చేయండి. అది "శ్‌రీ" అని, "లక్ష్మీ"లో మ వత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడి పొల్లుతో కనబడితే, ఫాంటు పాడైందని కంగారుపడకండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోటికి వెళ్లండి, పాత వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని, కొత్తవాటిలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటుంది, అది ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కూడా అదే పెట్టండి. ఇలస్ట్రేటర్లో అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లో షో ఇండిక్ ఆప్షన్స్‌కి టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక తెలుగు టైప్ చేయడమే మానేసి, ఫోన్‌లో టైప్ చేసి స్క్రీన్‌షాట్ తీసి అతికించేవాళ్లు ఉన్నారు, నమ్మండి. ఇంక్‌స్కేప్‌లో ఈ గొడవ లేదు, తెలుగు మొదటి నుంచీ సరిగ్గానే వస్తుంది.

తర్వాత అను. మన తెలుగు ప్రింటింగ్ అంతా ఏళ్ల తరబడి అను ఫాంట్ల మీద నడిచింది, ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. అవి యూనికోడ్ (ప్రతి భాషలో ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఉండే పద్ధతి) కావు. లోపల ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు దాచుకుని ఉంటాయి, అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు కనబడతాయి. పబ్లిషర్ దగ్గర నుంచి పాత పుస్తకం అనులో వస్తుంది, మీరు కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి మారుస్తారు, అక్కడక్కడా వత్తులు తారుమారవుతాయి. కన్వర్ట్ చేసిన ప్రతి పేజీనీ ఒకసారి చదవాల్సిందే, దానికి దగ్గరిదారి లేదు. రెండూ తెలిసినవాళ్లకి పని దొరుకుతుంది.

యూనికోడ్ ఫాంట్లలో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నవి డబ్బులు కట్టకుండా, వ్యాపార పనులకి కూడా వాడుకోవచ్చు. చదివే మేటర్‌కి మండలి, సూరన్న, టిరో తెలుగు. శీర్షికలకి రామభద్ర, ధూర్జటి, బాలూ తమ్ముడు. ఒకే కుటుంబంలో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ కావాలంటే అనేక్ తెలుగు. బాపు గారి చేతిరాతకి ఫాంటు ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది, బొమ్మలతో సమానంగా అక్షరానికీ అంత ఒయ్యారం తెచ్చినవాళ్లు లేరు. కాకపోతే పెళ్లిపత్రిక నుంచి పచ్చడి సీసా దాకా అన్నింటికీ అదే వాడేసి జనం దాన్ని అరగదీశారు. కొన్నాళ్లు దాని జోలికి వెళ్లకండి.

అక్షరం పెట్టేటప్పుడు కంటికి అలవాటు కావాల్సిన విషయాలు కొన్ని. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ ఎడం దీనికి చాలదు, పై వరస వత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. ఇంగ్లిష్‌కి నూటఇరవై శాతం పెడితే తెలుగుకి నూటయాభై దగ్గర మొదలుపెట్టి చూడండి. చోటు చాలడం లేదని అక్షరాన్ని పక్కల నుంచి నొక్కి సన్నం చేయడం మన ఫ్లెక్సీల మీద కనబడే మహాపాపం. నిలువు గీతలు సన్నమై అడ్డగీతలు లావుగా మిగిలి, ద, ధ తేడా తెలియకుండా పోతాయి. ఇరుకు చోటుకి అనేక్ తెలుగులో ఇరుకు వెర్షనే వాడండి, లేదా మాటలు తగ్గించమని కస్టమర్‌కి చెప్పండి. అక్షరం చుట్టూ తెల్ల అవుట్‌లైన్, దాని చుట్టూ ఎర్ర అవుట్‌లైన్ వేస్తే "ఘ", "ఝ" లాంటివి లోపలంతా పూడిపోతాయి. ముదురు రంగు మీద చిన్న తెల్ల అక్షరాలు పెట్టినా అంతే, ఇంకు పరుచుకుని మూసేస్తుంది.

ఒక అభ్యాసం చేయండి: మీ ఊరి బస్టాండులో బస్సుల టైముల బోర్డు ఫోటో తీసుకుని, అదే సమాచారాన్ని తెలుగు, ఇంగ్లిష్‌లో, హైదరాబాద్ చుట్టుపక్కలైతే ఉర్దూ కూడా కలిపి, కళ్లజోడు మర్చిపోయి వచ్చిన పెద్దావిడ కూడా చదవగలిగేలా మళ్లీ చేయండి. ఏ2 సైజులో ప్రింట్ తీసి గోడకి అంటించి, పది అడుగుల దూరం నుంచి మీ అమ్మగారినో పక్కింటివాళ్లనో చదవమనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ డిజైన్ తప్పు.

నిజమైన పని ఒకటి చేసి అచ్చు వేయించండి

స్క్రీన్ మీద చేసినవి ఎన్నైనా ఉండనివ్వండి, ప్రెస్సులో కాగితం మీదికి ఎక్కిన పని ఒకటి చేస్తేనే సంగతి తెలుస్తుంది. బంధువుల పెళ్లిపత్రికో, తెలిసినవాళ్ల కవితల పుస్తకం అట్టో అడిగి తీసుకోండి.

పుస్తకం అట్టే అనుకుందాం. డెమ్మీ సైజంటే ఐదున్నర ఇంటు ఎనిమిదిన్నర అంగుళాలు, 140 ఇంటు 216 మిల్లీమీటర్లు. 200 పేజీల పుస్తకమంటే 100 ఆకులు. మామూలు మ్యాప్‌లితో కాగితం ఆకు 0.1 మిల్లీమీటరు మందం అనుకుంటే వెన్ను దాదాపు 10 మిల్లీమీటర్లు. ఇది అంచనా మాత్రమే, ప్రెస్సువాళ్లని అదే కాగితంతో డమ్మీ కట్టి ఇమ్మని అడిగి స్కేలుతో కొలుచుకోండి. ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట కలిపి 290 వెడల్పు. కట్టింగ్‌లో పోయేందుకు నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపితే ఫైలు 296 ఇంటు 222. బ్లీడ్ లేకుండా పంపితే అంచున తెల్లగీత మిగులుతుంది. అంచుకి దగ్గరగా రచయిత పేరు పెడితే కత్తి దాన్ని తినేస్తుంది, కనీసం 5 మిల్లీమీటర్లు లోపలికి జరపండి.

రంగులు సీఎంవైకేలో, అంటే ప్రెస్సులో చూసిన ఆ నాలుగు ప్లేట్ల రంగుల్లో, పెట్టాలి. స్క్రీన్ మీద వెలిగిపోయే నీలం, చిలకపచ్చ కాగితం మీద చప్పబడతాయి, అది ప్రెస్సువాడి తప్పు కాదు. పసుపు, కుంకుమ రంగులు మాత్రం అచ్చులో హాయిగా వస్తాయి. ఫోటోలు అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. ఫ్లెక్సీకి అంత అవసరం లేదు, దూరం నుంచి చూస్తారు కాబట్టి 72 నుంచి 100 చాలు. ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చి "టెక్స్ట్ కర్వ్స్ చేశారా?" అని అడుగుతారు, అక్షరాలని బొమ్మగా మార్చారా అని దానర్థం, అలా మార్చకపోతే వాళ్ల దగ్గర మీ ఫాంటు లేక వత్తులన్నీ చెదిరిపోవచ్చు. కర్వ్స్ చేయని ఫైలు ఒకటి మీ దగ్గర విడిగా దాచుకోండి, లేకపోతే రేపు ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ మొదటికే. ఫైలు వాట్సాప్‌లో పంపాల్సొస్తే ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రూఫ్ విషయంలో మొహమాటం వద్దు. పెళ్లిపత్రికలో ముహూర్తం "ఉ. 10.34 ని.లకు" అని ఉండాల్సింది "రా." అని పడినా, చి.ల.సౌ. పక్కన ఉండాల్సిన పేరు తారుమారైనా, ఐదువందల కార్డులూ మళ్లీ వేయాల్సిందే, ఆ ఖర్చు ఎవరిదనే గొడవ మీ నెత్తికి వస్తుంది. ప్రింటుకి ముందు పెళ్లివారి తరపున ఒక్క మనిషిని మాత్రమే తేల్చుకుని, ఆయన దగ్గర "చదివాం, ఓకే" అని రాతపూర్వకంగా, వాట్సాప్ మెసేజ్ అయినా సరే, తీసుకోండి. పదిమంది మేనమామలు పది మార్పులు చెబితే ఆ పదీ ఆయన ద్వారానే రావాలి.

ఏఐ వచ్చాక ఇంకా ఎందుకు అంటారా

పండగ శుభాకాంక్షల పోస్టులు, షాపు ఆఫర్ పోస్టులు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, ఈ కోవ పనిలో చాలాభాగం కాన్వా టెంప్లేట్లకీ ఏఐకీ పోయింది, ఇంకా పోతుంది. దాంతోనే బతుకుదామని వచ్చేవాళ్లకి నేను రండి అని చెప్పలేను. బొమ్మ పుట్టించడం తేలికైంది. కానీ ఆ బొమ్మ మీద వచ్చిన తెలుగులో వత్తు తప్పుందా లేదా చూసేవాళ్లు, దాన్ని 296 ఇంటు 222లో సీఎంవైకేలో అచ్చుకి సిద్ధం చేసేవాళ్లు, పచ్చళ్ల కంపెనీ ఆయన మనసులో ఏముందో నాలుగు ప్రశ్నల్లో రాబట్టేవాళ్లు కావాలి. మీ సాయంత్రాలు అటువైపు పెట్టండి. ఏఐని స్కెచ్చుల దశలో వాడుకోండి, కస్టమర్‌కి ఆ సంగతి చెప్పి వాడండి.

చదువు కావాలా?

తప్పనిసరి కాదు, కానీ వయసు ఉండి, ఇంట్లో వీలైతే డిగ్రీ మంచిదే, ముఖ్యంగా పెద్ద కంపెనీలూ యూఎక్స్ వైపు చూసేవాళ్లకి. ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా పర్లేదు. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ (డిజైన్‌లో డిగ్రీ) ఉంది, దానికి ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్ష రాయాలి, అందులో బొమ్మ గీసే భాగం కూడా ఉంటుంది. 2015లో మొదలైన ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, నాలుగేళ్లు, ఎన్ఐడీ డ్యాట్ పరీక్ష ద్వారా. హైదరాబాద్ నిఫ్ట్ (ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో ఫ్యాషన్ కమ్యూనికేషన్ మన పనికి దగ్గరిది. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్ఏ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ కూడా చూడండి. బీటెక్ అయినవాళ్లకి ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ) కోసం సీడ్ పరీక్ష ఉంది. యూసీడ్, సీడ్ దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో మొదలై పరీక్ష జనవరిలో జరుగుతుంది, అంటే దసరాకల్లా తేల్చుకోవాలి. ఫీజులూ తేదీలూ ఆయా వెబ్‌సైట్లలోనే చూడండి, కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద కాదు.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో చేరేముందు ఒక్కటి అడగండి: గత బ్యాచ్ విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు (వాళ్లు చేసిన పనుల సంకలనాలు) చూపించమనండి. అందరివీ ఒకేలా ఉన్నాయా, తెలుగు పని ఒక్కటైనా ఉందా? నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి.

పోర్ట్‌ఫోలియో

ఆరేడు పనులు చాలు, ముప్ఫై వద్దు. ఎవరూ అడగని విదేశీ కాఫీ కంపెనీ లోగో మళ్లీ చేసి పెట్టడం కంటే మీ బస్టాండ్ బోర్డు, ఆ పుస్తకం అట్ట, ఒక పచ్చడి లేబుల్ నయం. ఒక్కోదానికి సమస్య ఏంటి, ముందు ఎలా ఉండేది, మీరు వదిలేసిన స్కెచ్చులు రెండు, చివరిది, అచ్చయిన దాని ఫోటో పెట్టండి. బెహాన్స్ (డిజైనర్లు పనులు పెట్టుకునే వెబ్‌సైట్)లో ఒకటి, మెయిల్లో పంపడానికి చిన్న పీడీఎఫ్ ఒకటి. పోర్ట్‌ఫోలియోలోనే స్పెల్లింగ్ తప్పుంటే మిగతాది ఎవరూ చూడరు.

డబ్బు మాటలు

మొదటి ఏడాదో రెండేళ్లో ఎక్కడో ఒకచోట ఉద్యోగం చేయండి, జీతం తక్కువైనా. ఫ్రీలాన్స్ ఆ తర్వాత. రేటు ఎంత చెప్పాలని తికమకపడేవాళ్లకి ఒక మోటు లెక్క: నెలకి మీకు 30,000 కావాలనుకోండి, నెలలో డబ్బొచ్చే పని చేసే రోజులు నికరంగా 12కి మించవు, మిగతావన్నీ తిరగడాలూ, మార్పులూ, ఫోన్లూ. అంటే రోజుకి 2,500. ఆ లోగోకి ఎన్ని రోజులు పడుతుందో దాంతో గుణించండి. సగం అడ్వాన్స్ తీసుకున్నాకే ఫైలు తెరవండి. రెండు విడతల మార్పులు ఉచితం, మూడోదాని నుంచి డబ్బులని ముందే రాయండి. "మనవాడేగా" అని అడిగే చుట్టాలకి రాయితీ ఇవ్వండి, ఫ్రీ వద్దు.

హక్కుల సంగతి కూడా ఒక కాగితం మీద పెట్టుకోండి. ఉద్యోగంలో ఉండగా చేసిన పని మీద హక్కు సాధారణంగా యజమానిదే. ఫ్రీలాన్స్ పనికైతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క. కంపెనీలు టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని ఇస్తాయి, పాన్ నంబరు సరిగ్గా ఇచ్చారా, మీ పేరు మీద జమయ్యిందా అని ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ మామూలుగా ఉండదు.

ఇంటర్వ్యూలకి వెళ్తే "టెస్ట్" అని ఒక పని ఇస్తారు. రెండు మూడు గంటల్లో అయ్యేది, ఊహాజనిత కంపెనీ మీద అయితే చేయండి. వాళ్ల అసలు కస్టమర్‌కి పది పోస్టులు, లోగోతో సహా చేసుకురమ్మంటే అది టెస్ట్ కాదు, ఉచిత పని. ఒకటి మాత్రం చిన్న సైజు జేపీజీలో, మీ పేరు అడ్డంగా వేసి పంపి, మిగతావి ఉద్యోగంలో చేరాక చేస్తానని మర్యాదగా చెప్పండి.